నాలుగు రోజుల చుట్టుదారి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పుట్టినవాడికి కొండ కొత్త కాదు. మా పొందూరు పొలాల్లో నిలబడి చూస్తే, ఆకాశం తేటగా వున్న రోజున దూరంగా నీలపు గీత ఒకటి కనిపిస్తుంది. మా నాన్న ఆ గీతను చూసేది వానకోసం. "కొండ ముసుగేసింది, సాయంత్రానికి వొచ్చీసినట్టే" అంటాడు. మా ఊరి సన్నఖద్దరుకి పేరు తెచ్చిన పత్తిని కొండపత్తి అంటారు. దాన్ని వాలుగ చేప దవడతో దువ్వి వంద కౌంటు నూలు వడికే చేతులు మా ఊళ్ళో ఇంకా వున్నాయి. మాకు వానా కొండనుంచే, పేరూ కొండపత్తితోనే. అయినా మా ఇంటావంటా ఎవరూ కొండల్లో నాలుగు రోజులు ఊరికే నడిచి వచ్చిన పాపాన పోలేదు.

ఈ సంక్రాంతి సెలవుల్లో నలుగురు మిత్రులం ఆ పని చేద్దామనుకున్నాం. ఎటు వెళ్ళాలో తేల్చుకోడానికే మాకు రెండు నెలలు పట్టింది. నడిచేది నాలుగు రోజులు, ఎంచుకునేది అరవై రోజులా అని హాస్టల్లో నవ్వనివాడు లేడు. ఈ సంచిక మీ చేతికి అందేనాటికి మేం వెళ్ళి వచ్చేసి వుంటాం. చూసిన అందాల సంగతి అప్పుడు మెస్సులో ఎవరడిగినా చెబుతాం. ఆ రెండు నెలల్లో మేం దేన్ని చూసి దారి ఎంచుకున్నామో మాత్రం రాసి పెట్టదగిన సంగతి అనిపించి ఇలా మీ ముందుకు వచ్చాను.

మొదట ఇంట్లో చెప్పినప్పుడు మా నాన్న కళ్ళంలో వున్నాడు. నూర్పులు జరుగుతున్నాయి. నేను చెప్పిందంతా విని, చేతిలో చేట కింద పెట్టి, "ఏటిరా, కొండకా? ఆవేటైనా తప్పిపోనాదేటి?" అన్నాడు.

ఆయన వేళాకోళం ఆడలేదు. రైతు కొండకు వెళ్తే పశువుకోసం వెళ్తాడు, కట్టెకోసం వెళ్తాడు, లేదా శివరాత్రికి మొక్కు తీర్చుకోడానికి వెళ్తాడు. ఏ పనీ లేకుండా బియ్యం వీపున కట్టుకుని కొండ చుట్టూ తిరిగి, మళ్ళీ బయల్దేరిన చోటికే రావడం ఆయన లెక్కలోకి రాదు. "బయల్దేరిన కాడికే రాడానికయితే బయల్దేరడం దేనికిరా?" అని ఆయన అడిగితే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రాత్రి భోజనాల దగ్గర మా నానమ్మ చెప్పింది: "మరి సింహాచలం ఎందుకెల్లామురా? అప్పన్న కొండ సుట్టూ తిరిగి మల్లీ తొలిపావంచా కాడికే రాలేదా?"

చూడండి, చుట్టుదారికి మన ప్రాంతంలో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు మధ్యాహ్నం మొదలుపెట్టి రాత్రంతా లక్షల మంది సింహగిరి చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. హనుమంతవాక, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం మీదుగా వచ్చి బయల్దేరిన చోటే ఆగుతారు. తిరువణ్ణామలైలో ఇదే 14 కిలోమీటర్లు. కైలాస పర్వతం చుట్టూ అయితే 52 కిలోమీటర్లు, మధ్యలో 5,600 మీటర్లు దాటిన కనుమ. కైలాస శిఖరం మీద మనిషి ఇంతవరకు కాలు పెట్టలేదు, చుట్టినవాళ్ళకు మాత్రం లెక్కలేదు. నేపాల్లో అన్నపూర్ణ పర్వతాల చుట్టూ దారి 1977లో విదేశీయులకు తెరిచాక ప్రపంచంలో పేరున్న చుట్టుదారి అయింది. అందులో 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ దాటాలి. అక్కడా నడిచేవాళ్ళు అన్నపూర్ణ శిఖరాన్ని ఎక్కరు, చుట్టి వస్తారు. పెద్ద కొండను గౌరవించే పద్ధతి ఇదేనేమో అనిపిస్తుంది.

ఇక మా నలుగురి సంగతి. విజయనగరం మిత్రుడొకడు, వాడికి ఎత్తులంటే ఇష్టం. మలావత్ పూర్ణ పదమూడేళ్ళకే, 2014లో, ఎవరెస్టు ఎక్కిందని మాకు రోజూ గుర్తు చేస్తాడు. రెండోవాడికి చిన్నప్పటినుంచి ఆయాసం. చలికాలం రాగానే జేబులో పీల్చే మందు లేకుండా గది దాటడు. వాడే అందరికంటే ఎక్కువ సరదా పడుతున్నాడు. మూడోవాడు అనంతగిరి కొండల్లోంచి వచ్చి చదువుకుంటున్న గిరిజన మిత్రుడు, మాటలు తక్కువ. నాలుగోవాణ్ణి నేను.

మా ముందు మూడు దారులు వున్నాయి.

మొదటిది మహేంద్రగిరి. 1,501 మీటర్లు. ఒడిశాలోని గజపతి జిల్లాలో వుంది గాని మన మందస వైపునుంచి చూస్తే మన పెరట్లోదే అనిపిస్తుంది. పరశురాముడు తపస్సు చేసిన కొండ అంటారు. పైన భీముడు, కుంతి, ధర్మరాజుల పేర్లతో పాత రాతిగుడులు వున్నాయి. కాళిదాసు రఘువంశంలో రఘుమహారాజు జైత్రయాత్రలో దీని పేరు వస్తుంది. మహేంద్రతనయ నది అక్కడ పుట్టి మన బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. 2022లో ఒడిశా ప్రభుత్వం ఈ కొండను జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. విజయనగరం మిత్రుడు దీనికే పట్టుబట్టాడు.

రెండోది సీతంపేట కొండలు. పొందూరుకి దగ్గర, ఖర్చు తక్కువ. సవర గూడేలు, జీడితోటలు, గెడ్డలు, జలపాతాలు. మా నాన్నకి కూడా కాస్తో కూస్తో తెలిసిన వైపు. నేను మొదట దీన్నే కోరుకున్నాను.

మూడోది అనంతగిరి, గాలికొండ వైపు. విశాఖపట్నంనుంచి కిరండోల్ పాసింజరు ఎక్కి బొర్రాగుహలు స్టేషన్లో దిగడం. కటికి జలపాతం చూసుకుని, అనంతగిరి వైపు ఎక్కి, గాలికొండ కింద నడిచి, సుంకరమెట్ట మీదుగా దిగి, మళ్ళీ బొర్రాకి రావడం. దీని పేరెత్తితే "అరకు టూరిస్టులు వెళ్ళే చోటికి మనమెందుకురా" అని అందరూ మూతి విరిచారు. అనంతగిరి మిత్రుడు మాత్రం ఏమీ అనలేదు.

సైన్సు విద్యార్థులం గదా, వాదనలు మాని లెక్కలు వేద్దామనుకున్నాం. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ మ్యాపు సంపాదించాం. 1767లో మొదలైన సంస్థ అది. ఒకప్పుడు ఈ మ్యాపులు సామాన్యుడికి అంత సులువుగా దొరికేవి కావు. 2005 నాటి జాతీయ మ్యాపుల విధానం తర్వాత దారి తేలికయింది. యాభైవేలకు ఒకటి కొలతలో గీసిన మ్యాపు మీద రెండు సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. కాంటూరు గీతలు ఇరవయ్యేసి మీటర్ల ఎత్తుకొకటి. గీతలు దూరదూరంగా వుంటే కాలికి సుఖం, దగ్గరదగ్గరగా వుంటే మోకాలికి కష్టం. సెల్‌ఫోనులో కూడా మ్యాపు వుంది, కాదనను. కాని కొండ మలుపు తిరిగితే సిగ్నలు వుండదు, మూడో రోజుకి ఛార్జీ వుండదు. కాగితానికి ఆ బెంగ లేదు.

మ్యాపు మీద దారం పెట్టి దూరం కొలవడం ఆయాసం మిత్రుడి పని. ఎత్తులు కూడడం నా పని. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు కొండవాడు ఒక సూత్రం చెప్పాడు. అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ఆ పైన ఎక్కే ప్రతి ఆరువందల మీటర్లకు మరో గంట. ఈ లెక్కన పన్నెండు కిలోమీటర్లు నడిచి ఆరువందల మీటర్లు ఎక్కే రోజుకి మూడు గంటల ఇరవై నాలుగు నిమిషాలు చాలు. అబ్బ, మధ్యాహ్నం భోజనానికే చేరిపోవచ్చు అని సంబరపడ్డాం.

అయితే నైస్మిత్‌గారి వీపు మీద పది కిలోల బియ్యం, పప్పు, దుప్పటి వున్నాయో లేదో సూత్రంలో లేదు. పరీక్షించి చూద్దామని ఒక ఆదివారం నలుగురం సంచుల్లో ఉలవల మూటలు వేసుకుని, పొందూరునుంచి ఆమదాలవలస దాకా చేలగట్ల మీద నడిచాం. కొండ లేదు, గుట్ట లేదు, చదును నేల. అయినా సూత్రం చెప్పిన దానికి దాదాపు రెట్టింపు సమయం పట్టింది. దారిలో కలుపు తీస్తున్న అమ్మలు "ఏటి బాబూ, ఉలవలు అమ్మకానికా?" అని అడిగారు. అవునని చెప్పి వుంటే సంచి తేలికయ్యేది. ఆనాటినుంచి నైస్మిత్ లెక్కను రెండుతో గుణించడం మా పద్ధతి అయింది. అంటే రోజుకి ఆరేడు గంటల నడక. జనవరిలో పొద్దు పొట్టి. కొండ నీడ పడితే నాలుగున్నరకే చీకటి ముసిరినట్టుంటుంది. కాబట్టి రోజుకి పన్నెండు కిలోమీటర్లకు మించి పెట్టుకోకూడదు.

ఇంకో సంగతి ఆ ఆదివారమే తెలిసింది. విజయనగరం మిత్రుడు ముందు దూసుకుపోయి గంట గంటకీ చెట్టుకింద కూచుని ఎదురు చూశాడు. ఆయాసం మిత్రుడు వాణ్ణి అందుకునేసరికి వాడు విశ్రాంతి ముగించి లేచేవాడు. ముందువాడికి విశ్రాంతి, వెనకవాడికి పరుగు. సాయంత్రం ఇంటికొచ్చి మా నాన్నతో చెబితే ఆయన ఒక్క మాటలో తేల్చాడు. "నాలుగు నాగళ్ళు వరసలో కడితే ముందు ఏ ఎడ్లని కడతారురా? మందం ఎడ్లని ముందు కట్టాల. లేకపోతే ఎనక సాలు పాడయిపోద్ది." ఆ మరునాటినుంచి మా గుంపుకి ముందు నడిచేవాడు ఆయాసం మిత్రుడే. దారి కూడా వాడి ఊపిరికి సరిపోయేదే కావాలి. వాణ్ణి వదిలేసి ముగ్గురం వెళ్దామన్న మాట ఒకరిద్దరి నాలుక చివర వరకు వచ్చిందని నాకు తెలుసు. ఎవరూ పైకి అనలేదు. అనకపోవడం మంచిదయింది.

ఇక్కడ చుట్టుదారి లెక్కలో ఒక చిక్కు చెప్పాలి. వెళ్ళిన దారినే తిరిగొచ్చే నడకలో ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తిరగవచ్చు. తిరిగిన ప్రతి అడుగూ ఇంటివైపే. చుట్టుదారిలో సగం దాటాక వెనక్కి తిరగడం దండగ, ముందుకెళ్తేనే దగ్గర. సరిగ్గా సగం దగ్గర వున్నప్పుడు మాత్రం ఎటు వెళ్ళినా అంతే దూరం. కాలు బెణికినా, జ్వరం వచ్చినా, ఊపిరి అందకపోయినా అదే అన్నిటికంటే చెడ్డ చోటు. కాబట్టి ఏ చుట్టుదారిని చూసినా మొదట వేలు పెట్టాల్సింది దాని నడిమి బిందువు మీద. అక్కడినుంచి బస్సు దారికి ఎంత దూరం?

మహేంద్రగిరికి ఈ పరీక్ష పెట్టాం. మేం గీసుకున్న దారిలో సగం అంటే కొండ శిఖరమే. ఎత్తైన చోటూ అదే, దూరమైన చోటూ అదే, చలి ఎక్కువగా వుండే చోటూ అదే. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుందని మనం ఫిజిక్సులో చదువుకున్న లెక్క. కింద మందసలో పదహారు డిగ్రీలుండే రాత్రి పైన ఆరేడు డిగ్రీలకు దిగుతుంది. చల్లగాలి తగిలితే మూసుకుపోయే ఊపిరితిత్తుల్ని ఆ రాత్రి అక్కడికి తీసుకెళ్ళడం సాహసం అనిపించుకోదు. విజయనగరం మిత్రుడు రెండు రోజులు ముభావంగా వుండి, మూడో రోజు తనే మహేంద్రగిరి కాగితం మడిచి పుస్తకంలో పెట్టేశాడు. ఆ కొండ ఎక్కడికీ పోదులే అన్నాడు.

సీతంపేట వైపు వేరే సమస్య. కొన్నేళ్ళుగా ఒడిశానుంచి వచ్చిన ఏనుగుల గుంపు పార్వతీపురం మన్యం జిల్లాలో తిరుగుతోంది. ఈ రాత్రి వరిచేలో వుంటాయి, రేపు చెరకుతోటలో. రైతుకి పంట నష్టం, కొన్నిచోట్ల ప్రాణ నష్టం కూడా. 2023 మే నెలలో భామిని మండలంలో నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చచ్చిపోయాయి. మనిషికీ భయమే, ఏనుగుకీ భయమే. వాటి దారిలో రాత్రిపూట గుడారం వేసి మూడో భయాన్ని చేర్చడం మాకు న్యాయంగా తోచలేదు. నేను కోరుకున్న దారి నేనే కొట్టేశాను.

మిగిలింది అనంతగిరి దారి. మ్యాపు పరిచి చూస్తే దాని సుగుణాలు ఒక్కొక్కటే కనిపించాయి. ఒకపక్క రైలు దారి వుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకి తేవడానికి 1960లలో కొండలు తొలిచి వేసిన లైను. బొర్రాగుహలు తర్వాత కరకవలస, ఆ తర్వాత శిమిలిగుడ స్టేషన్లు. శిమిలిగుడ 996 మీటర్ల ఎత్తున వుంది. దేశంలో అతి ఎత్తైన బ్రాడ్‌గేజీ స్టేషనని ఒకప్పుడు పేరు. మరోపక్క శృంగవరపుకోటనుంచి అరకు వెళ్ళే ఘాటు రోడ్డు. మేం గీసిన చుట్టు ఈ రెంటి మధ్యా వుంది. నడిమి బిందువు గాలికొండ దిగువన రోడ్డుకి దగ్గర పడుతుంది. అంటే బయల్దేరిన స్టేషనుకి బాగా దూరమైన రోజే బస్సుకి దగ్గరగా వుంటాం. ఆ పైన బొర్రాయే సుమారు ఏడువందల మీటర్ల ఎత్తున వుంది. అంత ఎత్తూ రైలు ఇంజను మాకోసం ఎక్కేస్తుంది.

ఇన్ని సుగుణాలు వున్నాయని మేం ముగ్గురం గెలిచినట్టు చూసి, అనంతగిరి మిత్రుణ్ణి అడిగాం. "నువ్వేమంటావురా? పైదారా, కిందదారా? ఏది ఎంచుకుందాం?"

వాడు మ్యాపు మీద తన ఊరు వెతుకుతున్నాడు. పేరు అచ్చు కాలేదు, నాలుగు నల్ల చుక్కలు మాత్రం వున్నాయి. చివరికి అన్నాడు: "మా ఊరికి దారి ఒక్కటేరా. ఎంచుకోడానికి ఏముంది?"

గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

తర్వాత వాడే మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. రోడ్డునుంచి వాళ్ళ ఊరికి కాలిబాట. ఆ బాటనే సంతకి మిరియాలు, రాజ్మా, పిప్పళ్ళు మోసుకెళ్తారు. ఆ బాటనే ఉప్పు, కిరసనాయిలు, బళ్ళో పిల్లల పుస్తకాలు వస్తాయి. జబ్బు చేసినా, కాన్పు కష్టమైనా అదే బాట. డోలీ కట్టి మోస్తారు. కర్రకి దుప్పటి కట్టి, మనిషిని అందులో పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజం పడతారు. మరో ఆరుగురు వెంట నడుస్తారు, భుజం మార్చుకోడానికి. పత్రికల్లో డోలీ మోత అని వార్తలు మనమంతా చదివాం. చదివి పేజీ తిప్పాం. వాడు తొమ్మిదో తరగతిలో వుండగా వాళ్ళ పిన్నిని అలా మోసిన వాళ్ళలో తనూ వున్నాడు. వానాకాలం రాత్రి. అంబులెన్సు ఆగే చోటికి నాలుగు గంటలు పట్టిందట. "ఆ రాత్రి పుట్టిన గుంటడికి ఇప్పుడు ఆరేళ్ళు. మనం వెళ్తే వాడే ఎదురొస్తాడు" అన్నాడు.

ఆయాసం మిత్రుడు అడిగాడు: "డోలీ మధ్యలో దించుతారా?"

దించుతారట. ఎక్కడపడితే అక్కడ దించరు. అయిదు చోట్లు వున్నాయి. నేల చదునుగా వుండాలి, గాలి నేరుగా కొట్టకూడదు, పక్కన ఊటనీరు వుండాలి, మోసేవాళ్ళు కూచోడానికి రాయి వుండాలి. తాతలనాటినుంచి అవే చోట్లు. ప్రతి చోటుకీ ఒక పేరుంది. వాడు ఒక్కొక్కటి చెబుతుంటే నేను మ్యాపు మీద పెన్సిలుతో చుక్కలు పెట్టాను.

చుక్కలు పూర్తయ్యాక మ్యాపు వంక చూసి ఆశ్చర్యపోయాను. మేం రెండు నెలలుగా కాంటూరు గీతల్లో వెతుకుతున్నవి అవే. రాత్రి దిగడానికి చదును నేల, గాలి చాటు, తాగడానికి నీరు, ఆపద వస్తే రోడ్డుకి అన్నిటికంటే తేలికైన దారి. నొప్పులు పడుతున్న మనిషిని కుదుపు లేకుండా దింపడానికి ఏర్పడిన దారి అది. మొదటి రోజూ ఆఖరి రోజూ అటే నడవాలని, దిగే చోట్లు అవే వుండాలని అనుకున్నాం. ఎవరికైనా బాగా లేకపోతే దిగే దారీ అదే. ఇంతకాలం మేం "అత్యవసర మార్గం" అని ఎర్ర గీత గీసుకున్నది ఒక వూరికి ఏడాది పొడుగునా వున్న ఒకే ఒక్క మార్గం.

అయితే మేం ఆ దారిని వాడుకోవచ్చునా? అనంతగిరి మిత్రుడు కోపం లేకుండానే కొన్ని మాటలు చెప్పాడు. ఊళ్ళో పెద్దల్ని ముందు అడగాలి, వాళ్ళు వద్దంటే దారి మార్చుకోవాలి. తాగే ఊటకు పైన స్నానాలు, గిన్నెలు కడగడాలు కూడదు. ఆ ఊటే కింద మూడు ఊళ్ళకు ఆధారం. బియ్యం, పప్పు మనవే తీసుకెళ్ళాలి. "మీరు వస్తే మావాళ్ళు కోడిని కోస్తారు, లేకపోతే అప్పు తెచ్చి కోస్తారు. అందుకని ఒక్క పూటే అతిథులు, మిగతా పూటలు మన పొయ్యి మనదే." దారికి అడ్డంగా గుడారం వెయ్యకూడదు. రాత్రిపూట డోలీ రావచ్చు. ఫోటోలు అడిగాకే.

మేం ఒక మాట చేర్చాం. మా గుంపు అక్కడ వుండగా డోలీ వస్తే మేమూ భుజం పట్టాలి. వాడు నవ్వి, "మీకు అడుగు కలవదు, కింద పడేస్తారు. టార్చిలైటు పట్టుకు నడవండి చాలు" అన్నాడు. మంచిదే. టార్చిలైటు బ్యాటరీలు జాబితాలో మొదటికి ఎక్కాయి.

జాబితా అన్నాను గనక, సరంజామా సంగతి క్లుప్తంగా. ఎత్తు మీద నీరు నూరు డిగ్రీలకు ముందే మరుగుతుంది. పదమూడు వందల మీటర్ల దగ్గర దాదాపు 96. అందుకని కందిపప్పు ఉడకడానికి కట్టెలు తగలెయ్యాలి. పెసరపప్పు, అటుకులు, బెల్లం, చోడిపిండి పట్టుకెళ్తున్నాం. చోడి అంబలి పొద్దున తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి వెయ్యదని నానమ్మ హామీ. ఊటనీరు చూపుకి తేటగా వున్నా మరిగించే తాగాలి. మన్యంలో మలేరియా వుంది, కాబట్టి దోమతెర తప్పనిసరి. అటవీశాఖ వారిని ముందుగా అడగాలి. పీల్చే మందు ఒకటి వాడి జేబులో, మరొకటి నా సంచిలో. ట్రెక్కింగ్ పుస్తకాలు నూలుబట్ట కట్టవద్దంటాయి. తడిస్తే ఆరదు, వంటి వేడి లాగేస్తుందట. శాస్త్రం నిజమే. కాని పొందూరు వాడు నూలు కట్టకుండా కొండెక్కాడని తెలిస్తే ఊళ్ళో తలెత్తుకోలేను. పగలు ఖద్దరు, రాత్రి ఉన్ని అని రాజీ పడ్డాను.

బయల్దేరే తేదీ మా అమ్మ నిర్ణయించింది. కనుమ నాడు కాకి కూడా కదలదు అంటారు. కాబట్టి ముక్కనుమ వెళ్ళిన మర్నాడు పాసింజరు ఎక్కుతాం. అప్పటికి మా కళ్ళంలో పనీ అయిపోతుంది. మా నాన్న తన పాత వెదురుకర్ర ఒకటి నూనె రాసి గుమ్మం వెనక పెట్టాడు. నాతో ఏమీ అనలేదు. అమ్మతో మాత్రం, "ఆ దగ్గు గుంటడికి కూడా ఒక కర్ర సూడు" అన్నాడట.

చివరిగా మన విద్యార్థి సంఘం వారికి ఒక మనవి. ప్రతి ఏటా మన కళాశాలనుంచి ఎన్నో జట్లు కొండలకు, గుహలకు, జలపాతాలకు వెళ్తున్నాయి. ఎవరికి వాళ్ళు మొదటినుంచి వెతుక్కుంటున్నారు, వెళ్ళొచ్చి మరిచిపోతున్నారు. గ్రంథాలయంలో ఒక దళసరి నోటుపుస్తకం పెట్టించండి. వెళ్ళొచ్చిన ప్రతి జట్టు అందులో ఒక పేజీ రాయాలి. నీరు ఎక్కడ వుంది, ఏ నెలలో ఎండిపోతుంది, నడిమి బిందువునుంచి రోడ్డు ఎంత దూరం, వెనక నడిచినవాడికి ఎన్ని గంటలు పట్టింది, ఎవరిని అడిగి వెళ్ళాలి. ఏ ఊరికి రోడ్డు లేదో కూడా రాయాలి. ఇంజనీరింగు చదివే మిత్రులు, రేపు ఉద్యోగాల్లోకి వెళ్ళే పూర్వ విద్యార్థులు ఆ పేజీలు తిరగేస్తే నడకకు మించిన ప్రయోజనం కూడా కలగవచ్చు.

మొదటి పేజీ మేం రాస్తాం. డోలీ దించే అయిదు చోట్ల పేర్లూ అందులో వుంటాయి, ఊరి పెద్దలు ఒప్పుకుంటేనే. అవి ఇంతవరకు ఏ మ్యాపులోనూ అచ్చు కాలేదు.